నడి నీళ్ళలో ఒడిబియ్యం

మా మణికొండ అపార్ట్‌మెంటులో ఎవరు ఓడ మీద సెలవులకు బయలుదేరినా ముందు ఒకసారి నా తలుపు తట్టి పోతారు. వాళ్ళెక్కే ఓడల్లో ఈత కొలనులు, సినిమా హాళ్ళు, ఏ పూటకా పూట వేరే భోజనశాలలు ఉంటాయట. నేనెక్కిన ఓడలో ఒక టీ కొట్టు, లైను కట్టాల్సిన మరుగుదొడ్లు, పడుకోవడానికి బారెడు చెక్క నేల ఉండేవి. అయినా నన్నే సలహా అడుగుతారు, నేనూ నోరు కట్టుకుని కూర్చునే రకం కాదు. ఓడ ఎంత పెద్దదైనా సముద్రం అదే, మన కడుపూ అదే అని మొదలుపెడతాను.

వానలు పూర్తిగా తగ్గాకే వెళ్ళండి, దసరా దాటితే ఇంకా మంచిది. ఖాళీ కడుపుతో ఓడెక్కకండి, పొట్ట పగిలేలా తిని కూడా ఎక్కకండి. ఓడ పొగగొట్టం మసి గాలికి ఎటు పోతున్నదో చూసుకుని దానికి అవతలి పక్క చోటు పట్టండి, లేకపోతే మా ఆయన తెల్ల చొక్కాకు పట్టిన గతే మీకూ పడుతుంది. చీర కట్టుకునేవాళ్ళు కొంగుకు రెండు పిన్నులు పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, దారిలో వచ్చే రేవుల్లో ఓడ ఒడ్డుకు ఆనుకుంటుందా, నడి నీళ్ళలోనే ఆగుతుందా అని టికెట్టు కొనేటప్పుడే అడగండి. ఈ చివరి మాట చెప్పగానే అందరూ నవ్వుతారు. ఇదేం ప్రశ్న, ఓడ రేవుకు కాక ఇంకెక్కడికి పోతుంది అంటారు. మేమూ సరిగ్గా అలాగే అనుకున్నాం.

అది డెబ్బయ్యో దశకం. అప్పుడు మా కాపురం లింగంపల్లిలో. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన వైపంతా అప్పుడు బండరాళ్ళు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ ద్రాక్షతోటలు. అందులో ఒక తోట మా మామయ్యది. మా ఆయన ఊరికి దగ్గరలోనే ఒక పెద్ద కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసేవాడు. కొన్నేళ్ళకొకసారి ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్ళి రావడానికి కంపెనీయే ప్రయాణపు ఖర్చు ఇచ్చేది. ఆ ఏడు మా వంతు వచ్చింది.

ఆయన తిరుపతి అన్నాడు. నేను సముద్రం అన్నాను. కూకట్‌పల్లిలో పుట్టి లింగంపల్లికి కోడలిగా వచ్చినదాన్ని నేను. చెరువు అలుగు పారితేనే ఊరంతా సద్ది కట్టుకుని చూడ్డానికి పోయే చోటు మాది. అటువంటి నాకు ఒక వారపత్రికలో బొంబాయి నుంచి గోవాకు పోయే స్టీమరు బొమ్మ కనబడింది. పొద్దున ఎక్కితే మర్నాడు పొద్దున దిగొచ్చట, దారి పొడుగునా కొంకణం రేవులట. ఆ పేజీ చింపి దేవుడి అలమరలో పెట్టాను. మా ఆయన దీపం వెలిగించినప్పుడల్లా దేవుడితోపాటు ఓడకు కూడా దండం పెట్టాల్సి వచ్చేది. నీళ్ళంటే ఆయనకు చచ్చేంత భయం. బావిలో చేద వేయడానికి కూడా గట్టుకు రెండడుగుల దూరంలో నిలబడే మనిషి.

ఒక సాయంత్రం ఆ రేవుల పేర్లు ఆయన చేత చదివిస్తున్నాను. మా అత్తమ్మ పక్కనే చాటలో కందిపప్పు చెరుగుతున్నది. ఒక పేరు దగ్గర ఆమె చేయి ఆగిపోయింది.

"మల్ల చదువు కొడుకా," అంది.

ఆయన మళ్ళీ చదివాడు.

"అది మా చెల్లె ఊరు," అంది అత్తమ్మ.

మా అత్తమ్మకు తోడబుట్టింది ఆ ఒక్క చెల్లెలే. అన్నదమ్ములు లేరు. చెల్లెలి మొగుడు పాలమూరు మేస్త్రీ. ఆ చిన్న రేవులో జెట్టీ కట్టే పనికి పోయి, అది పూర్తయ్యాక అక్కడే ఇళ్ళు కట్టుకుంటూ స్థిరపడిపోయాడు. తల్లీ తండ్రీ పోయాక చిన్నత్తమ్మ ఇటు రానేలేదు. వద్దామనుకున్న ఏడల్లా ఏదో ఒక కాన్పు, ఆ తర్వాత ఆవిడ మొగుడు గోడ కట్టే సారవ మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఆయన్ని లేపి కూర్చోబెట్టాలన్నా ఆవిడే కావాలి. ఇల్లు కదిలే వీలు లేదు.

ఇక్కడ ఒడిబియ్యం సంగతి చెప్పాలి. మా దిక్కు పెళ్ళయిన ఆడపిల్లకు మూడో ఏడో, ఐదో ఏడో, అలా బేసి ఏడు చూసి పుట్టింటివాళ్ళు పిలిపించి, కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఒడిలో పోస్తారు. అందులో ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, పోకలు, రవికె గుడ్డ ఉంటాయి. నీకు వెనక ఒక ఇల్లు ఉంది, నీ ఒడి ఖాళీగా లేదు అని చెప్పడం అన్నమాట. ఒడిబియ్యం అందని ఆడదాన్ని అత్తగారి ఊళ్ళో ఎవరూ ఏమీ అనకపోవచ్చు. కానీ పక్కింటామె పుట్టింటి నుంచి పసుపు బియ్యం మూటతో దిగినప్పుడల్లా ఆమెకు ఎలా ఉంటుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. చిన్నత్తమ్మకు తల్లి పోయాక ఒక్కసారి కూడా ఒడి నిండలేదు. ఇది మా అత్తమ్మ గుండెల్లో ముల్లు.

"అయితే మనమే పోయి పోసి వద్దాం అత్తమ్మా. ఓడ దిగి వాళ్ళింట్లో రెండ్రోజులు ఉందాం," అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపుకు నా చేతిలో గ్లాసు జారింది.

"అత్తగారింట్ల ఒడి నింపుతరా ఎవరన్న? ఏం పిల్లవే నువ్వు. పుట్టింట్ల పొయ్యాలె. అది ఈడికి రాదు. మనం ఆ ఊరి మన్ను తొక్కితే అది దాని అత్తగారి ఊరే అయితది."

రెండు రోజులు ఆమె చెరిగిన పప్పే మళ్ళీ చెరిగింది. మూడో రోజు పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నట్టుండి చెప్పింది. మరిది కట్టిన జెట్టీ ఉంది. ఓడ వచ్చి జెట్టీకి ఆగుతుంది. రైలు వచ్చి ప్లాట్‌ఫారానికి ఆగినట్టే. చెల్లెలు జెట్టీ మీదికి వస్తుంది, ఓడెక్కి మనం నేల మీద పరిచిన జంపఖానా మీద కూర్చుంటుంది. టికెట్టు మనది, జంపఖానా మనది, కాబట్టి ఆ కాసేపు అది మన ఇల్లే. ఐదు దోసిళ్ళు పోస్తాం, ఆమె దిగిపోతుంది, ఓడ కదులుతుంది. ఎవరూ ఎవరి మన్నూ తొక్కక్కర్లేదు.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. అంత చక్కటి ఉపాయం ఏ వకీలుకూ తట్టదు. మా ఆయన మాత్రం తిరుపతి చేజారిపోయిందని మొహం వేలాడేశాడు. చిన్నత్తమ్మకు ఉత్తరం రాశాం, ఫలానా రోజు ఫలానా ఓడలో వస్తున్నాం, జెట్టీ దగ్గర ఉండమని. జవాబు వచ్చింది, ఉంటానని.

మా పక్కింట్లో కాకినాడ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. ఆవిడ భర్త కూడా మా ఆయన పనిచేసే చోటే గుమాస్తా. నేను ఓడెక్కుతున్నానని తెలిసి ఆవిడ గోడ మీద చేతులు ఆనించి పాఠం చెప్పింది.

"చూడండి, అల్లం ముక్క బుగ్గన పెట్టుకోండి. నిమ్మకాయ చేతిలో ఉంచుకుని వాసన చూస్తూ ఉండండి. కింది అంతస్తులోకి మాత్రం వెళ్ళకండి, నూనె వాసనకి కడుపులో తిప్పేస్తుందండి. దూరంగా ఒడ్డుని చూస్తూ కూర్చోండి, దగ్గరి నీళ్ళని చూడకండి."

"మీరెన్నిసార్లు ఎక్కిండ్రు?" అని అడిగాను.

"నేనా? అబ్బే, నేనెక్కడెక్కానండి. ఒడ్డు మీద నిలబడి చూడ్డమే," అంది ఆవిడ, ఏమాత్రం తడబడకుండా.

అయినా ఆ సలహాలు ఒక్కటీ తప్పు పోలేదు. ఇప్పుడు నేను అందరికీ చెప్పేవి అవే.

నాంపల్లిలో బొంబాయి రైలెక్కాం. ఆ రైలు మా ఊరి మీదుగానే పోతుంది, కానీ మా ఊళ్ళో ఆగదు. లింగంపల్లి గేటు దగ్గర మా మామయ్య తెల్ల తువ్వాలు ఊపుతూ నిలబడ్డాడు. తోట వదిలి రానని ఇంట్లో ఉండిపోయిన మనిషి, మమ్మల్ని సాగనంపడానికి మాత్రం ఎండలో అంతసేపు నిలబడ్డాడు. అత్తమ్మ కిటికీలోంచి చేయి బయటపెట్టి ఊపింది. రెండో చేత్తో ఒళ్ళో బియ్యం మూటను గట్టిగా పట్టుకుంది. ఆ మూటను ఆమె రైల్లో కింద పెట్టలేదు, బొంబాయిలో మా ఊరివాళ్ళ గదిలో పడుకున్నప్పుడూ కింద పెట్టలేదు. మా ఆయన ఒకసారి తల కింద పెట్టుకోబోతే తిట్లు తిన్నాడు.

మర్నాడు పొద్దున రేవు. నా జన్మలో అంత సంతోషం ఎప్పుడు కలిగిందంటే ఆ పొద్దున్నే అని చెబుతాను. చేపల వాసన, తాళ్ళు, గంటలు, కూలీల కేకలు, వాటన్నిటి వెనక తెల్లగా మా ఓడ. అంత ఇనుము నీళ్ళ మీద ఎలా నిలబడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అర్థం చేసుకోవాలని కూడా లేదు. గేటు తెరవగానే నేను జంపఖానా చంకన పెట్టుకుని పరుగెత్తాను. డెక్కు టికెట్టంటే సీటు ఉండదు, ఎవరు ముందు పరిస్తే ఆ చోటు వాళ్ళది. మీ ఇంట్లో ఎవరికి కాళ్ళ సత్తువ ఎక్కువో వాళ్ళనే ముందు పంపండి, మర్యాదస్తుల్ని పంపకండి. ఒకాయన తన ట్రంకు పెట్టె మా జంపఖానా అంచు మీదికి జరిపాడు. నేను దాన్ని తిరిగి జరిపాను. ఆయన నా మొహం చూసి ఇంకో చోటు వెతుక్కున్నాడు.

ఓడ కదిలాక గంటసేపు నేను కూర్చోలేదు. కటకటాలు పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను. నీళ్ళు మొదట మట్టి రంగు, తర్వాత ఆకుపచ్చ, తర్వాత ఆ రంగుకు నాకు పేరు తెలియదు. ఎడమ పక్క కొండలు, కొబ్బరి తోపులు, పాత కోటల గోడలు, కుడి పక్క ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంత అందంగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. అత్తమ్మ మాత్రం జంపఖానా మధ్యలో మూటతో కూర్చుని, "పెద్ద చెరువే," అంది.

గంట తర్వాత నా గొప్పంతా దిగిపోయింది. మొదట నోట్లో నీళ్ళు ఊరాయి, తర్వాత ఓడ పైకి లేచినప్పుడు నా కడుపు కింద, ఓడ దిగినప్పుడు నా కడుపు పైన. నీళ్ళంటే భయపడే మా ఆయనకు ఏమీ కాలేదు, అరవయ్యేళ్ళ అత్తమ్మకు ఏమీ కాలేదు. నేనొక్కదాన్నే కటకటాలకు వేలాడాను. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని ఒడ్డు కొండల్ని చూస్తూ కూర్చుంటే మెల్లగా సర్దుకుంది. అప్పుడు ఆకలి వేసింది. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం తిన్నాను. ఓడ మీద జొన్నరొట్టెను మించిన తిండి లేదు, చెడిపోదు, కడుపులో కదలదు. పులిహోర కూడా మంచిదే గానీ గాలికి మెతుకులు పక్కవాళ్ళ మీద పడతాయి.

అలా రొట్టె నములుతుండగా మొదటి రేవు వచ్చింది. ఇంజను చప్పుడు తగ్గింది, లంగరు గొలుసు గరగరమంటూ దిగింది. నేను లేచి చూశాను. ఒడ్డు ఇంకా అంత దూరంలో ఉంది. ఏదో చెడిపోయి ఆగిందనుకున్నాను. ఇంతలో ఒడ్డు నుంచి రెండు పెద్ద పడవలు మనుషుల్ని నింపుకుని ఊగుతూ వచ్చాయి. ఓడ పక్కన నీళ్ళకు కాస్త పైన ఒక తలుపు తెరిచారు. అక్కడినుంచి చిన్న మెట్లు, చివర ఒక చెక్క పలక. దిగేవాళ్ళు పలక మీదికి పోయి పడవలోకి దూకుతున్నారు, ఎక్కేవాళ్ళు పడవలోంచి పలక మీదికి దూకుతున్నారు. తలుపు దగ్గర ఒక ఖలాసీ నిలబడి ఎక్కేవాళ్ళ టికెట్లు చూస్తున్నాడు.

నా నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. పక్కన కూర్చున్న ఒక కొంకణపావిడను మన హైదరాబాదు హిందీలో అడిగాను, ఓడ ఒడ్డుకు పోదా అని. ఆవిడ నవ్వింది. ఇవన్నీ తక్కువ లోతు రేవులు, ఓడ ఆనుకోదు, గోవా దాకా చాలాచోట్ల ఇంతే అంది. మా చిన్నమామ ఊరి పేరు చెప్పాను. అక్కడా ఇంతేనట. జెట్టీ ఉందిగా అన్నాను. ఉంది, చేపల పడవలకు అంది.

మా బండల దేశపు మనుషులకు తప్ప ఇంకెవరికీ ఈ పొరపాటు రాదు. రైలుకు ప్లాట్‌ఫారం ఉన్నట్టు ఓడకు జెట్టీ ఉంటుందని ఇంటిల్లిపాదీ నమ్మాం. ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. ఉత్తరంలో అయినా చిన్నత్తమ్మ రాయొచ్చు కదా అనిపించింది. తర్వాత తెలిసింది, ఆవిడ కూడా ఒడ్డు నుంచి చూడ్డమే తప్ప ఆ ఓడ ఎప్పుడూ ఎక్కలేదు. పడవలో పోతే పైకి రానిస్తారనే అనుకుంది.

మా ఆయన కిందికి పోయి ఖలాసీని అడిగి వచ్చాడు. టికెట్టు లేనివాళ్ళు మెట్టు ఎక్కడానికి లేదు, ఒక్క నిమిషం కూడా లేదు.

"అయితే మూట పడవల దించుదాం అమ్మా. చిన్నమ్మకు అందుతది గద," అన్నాడు.

"ఒడిబియ్యం పార్సల్ పంపుతావురా?" అంది అత్తమ్మ.

"మరి మనమే దిగుదాం. గోవా లేకపోతే మాయె."

"దాని అత్తగారి ఊళ్ళె దిగి ఏం జేస్త? సుట్టంలెక్క అన్నం దిని వస్తనా?"

ఆమె గొంతు మామూలుగానే ఉంది, కానీ మూటను ఇంకా దగ్గరికి లాక్కుంది. అంతదూరం ఆ మూటను ఒళ్ళోంచి దించని మనిషి. నాకు ఆమె మీద జాలి వేయలేదు, కోపం వచ్చింది. ఓడ మీద కోపం, ఆ ఖలాసీ మీద కోపం, సముద్రానికి లోతు సరిపోలేదని సముద్రం మీద కూడా కోపం. కోపం వచ్చినప్పుడే నాకు బుర్ర పనిచేస్తుంది, మా ఇంట్లో అందరికీ తెలుసు.

రెండో రేవు కూడా దాటింది. పొద్దు పడమటికి వాలుతుండగా కొంకణపావిడ నా భుజం తట్టి చూపించింది. కొండ వంపులో తెల్ల ఇళ్ళు, వాటి ముందు నీళ్ళలోకి చాచిన సన్నటి రాతి కట్ట. మా చిన్నమామ కట్టిన జెట్టీ. దాని దగ్గర్నుంచి ఒక పడవ అప్పటికే కదిలింది.

"అత్తమ్మా, లే. మూట పట్టుకో," అన్నాను. జంపఖానా మీది సామానంతా చెక్క నేల మీదికి దులిపి, దాన్ని చుట్టి చంకన పెట్టుకున్నాను. మా ఆయన ఏందని అడిగేలోపే మెట్లు దిగాను.

తలుపు దగ్గర ఖలాసీ చేయి అడ్డం పెట్టాడు. దిగేవాళ్ళా అని అడిగాడు. కాదన్నాను. అయితే పైకి పొమ్మన్నాడు.

"ఉనో ఊపర్ నై ఆతే, హమ్ నీచే నై ఉతర్తే. హమారా కామ్ బీచ్ మే హై," అన్నాను. వాళ్ళు పైకి రారు, మేము కిందికి దిగం, మా పని మధ్యలోనే ఉంది అని. అతనికి నా మాట ఎంత అర్థమైందో తెలియదు. నా వెనక పసుపు మరకల మూటతో అత్తమ్మ, ఆమె వెనక చెమటలు కక్కుతున్న మా ఆయన. మమ్మల్ని ముగ్గురినీ చూసి, ముందు దిగేవాళ్ళని దిగనిమ్మని పక్కకు నిలబెట్టాడు. అది చాలు నాకు.

పడవ దగ్గరికి వచ్చింది. గోచీ పోసిన కాష్టా కట్టు చీరల ఆడవాళ్ళ మధ్య ఒకావిడ మా దిక్కు కట్టుతో, ఒక చేత్తో తల మీది కొంగు పట్టుకుని నిలబడి ఉంది. మొహం ఇంకా కనబడలేదు.

"అదే. మా అమ్మ లెక్కనే నిలవడ్డది," అంది అత్తమ్మ.

ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. చిన్నత్తమ్మ పలక మీద కాలు పెట్టబోతే ఖలాసీ వద్దన్నాడు. ఆవిడ మొహం ఒక్కసారిగా చిన్నబోయింది. అక్కచెల్లెళ్ళ మధ్య రెండు చేతుల దూరం. అలకు పడవ లేచినప్పుడు దగ్గర, దిగినప్పుడు దూరం.

"చిన్నత్తమ్మా, పట్టుకో," అని అరిచి జంపఖానా విసిరాను. పడవవాడు అందుకున్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే అది గోవాకు మాకన్నా ముందు చేరేది. "పరిచి దాని మీద కూసో. అది మన లింగంపల్లి ఇంటి జంపఖానా. మన ఇంట్ల కూసున్నట్టే."

అత్తమ్మ ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత ఇక ఎవరినీ అడగలేదు. మెట్ల చివరి పలక మీద గొంతుకూర్చుని మూట ముడి విప్పింది. మా ఆయన ఆమె వెనక కూర్చుని, రెండు చేతులా ఆమె నడుము పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆయన కాళ్ళు నీళ్ళలో తడుస్తున్నాయి. ఆ మనిషి అంత ధైర్యం చేయడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"తూర్పుకు తిరుగే," అంది అత్తమ్మ. చిన్నత్తమ్మ తిరిగింది. తూర్పున ఒడ్డుంది, ఓడ పడమటనుంది, కాబట్టి ఒడి పోయి వీపు వచ్చింది.

"అత్తమ్మా, పడవే గుండ్రంగ తిరుగుతుంది. ఎటు కూసున్నా జరసేపట్ల తూర్పే అయితది. కానియ్యి," అన్నాను.

చిన్నత్తమ్మ ఇటు తిరిగి కొంగు పరిచింది. పడవ లేచింది, మొదటి దోసిలి పడింది. పడవ దిగింది, మళ్ళీ లేచేదాకా అత్తమ్మ దోసిలి నింపుకుని కాచుకుంది. రెండోది సగం ఒడిలో, సగం సముద్రంలో. మూడో దోసిట్లో కుడుకలు, ఖర్జూరాలు. పైన కటకటాల వెంట జనం మూగారు. ఇదేమిటని ఎవరో అడగడం, తనకు తోచింది కొంకణపావిడ చెప్పడం వినబడుతున్నాయి. నాలుగోదానికి ఖలాసీ కూడా పడవ తాడు పట్టుకుని తన వైపు గుంజాడు. ఐదో దోసిలి ఒక్క గింజ కింద పడకుండా నిండుగా పడింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మేం గెలిచాం అనిపించింది. రవికె గుడ్డ విసిరింది అత్తమ్మ. చిన్నత్తమ్మ దాన్ని అందుకుని కళ్ళకద్దుకుంది.

పైన గంట కొట్టారు. పడవవాడు తెడ్డు ఎత్తాడు.

"ఆగన్నా, జర ఆగు," అంది చిన్నత్తమ్మ. ఒడి ముడివేసుకుని, పక్కనున్న సంచిలో చేయి పెట్టింది. "అక్కా, ఒడి పట్టు."

"నాకేందే," అంది అత్తమ్మ.

"అమ్మ పోయినంక నీకెవరు పోసిండ్రు? నాకు నువ్వన్న ఉన్నవ్. నీకెవరున్నరు? ఒడి పట్టక్కా, పడవ పోతది."

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అన్నేళ్ళయినా నాకు ఆ ప్రశ్న తట్టలేదు. చెల్లెలికి ఒడి నిండలేదని కుమిలిపోయిన మనిషికి కూడా అదే తల్లి, అదే పుట్టిల్లు. ఆ ఇల్లు ఇద్దరికీ ఒక్కరోజే మూతపడింది. అత్తమ్మ పలక మీద కొంగు పరిచింది. పసుపు కలిపిన కొంకణపు ఎర్ర బియ్యం. పడవ లేచినప్పుడు చిన్నత్తమ్మ పిడికిలి చాచి పోసింది. రెండో పిడికిలి తీసేసరికి తాడు వదిలారు, ఆ బియ్యం నీళ్ళలో పడింది. మూడోది ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆ పిడికిలి అలాగే ఎత్తి పట్టుకుని, కనబడినంత దూరం ఊపింది.

ఆ రాత్రి మేం ఉత్త చెక్కల మీద పడుకున్నాం, జంపఖానా లేదు కాబట్టి. గోవా చూశాం, ఇసుకలో నడిచాం, మా ఆయన మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగాడు. కొత్త చోటికి పోతే ముందు పాదాలకు సరిపడే చెప్పులు కొనుక్కోవాలనీ, రేవు బజారులో మొదటి కొట్టు దగ్గర ఏమీ కొనకూడదనీ అక్కడే నేర్చుకున్నాను. అత్తమ్మ అన్నీ చూసింది, అన్నిటికీ బాగుందనే అంది. కొంగు చివర ముడి మాత్రం చేతిలోంచి వదల్లేదు.

ఒడిబియ్యం తెచ్చుకున్న ఆడది వాటిని వండి నలుగురికీ పెట్టాలి. లింగంపల్లి చేరిన మర్నాడు అత్తమ్మ పెద్ద గుండిగ కడిగించింది. ఉన్నదేమో ఒక్క పిడికెడు. దాన్ని మా ఇంటి బియ్యంలో కలిపి, పాలూ చక్కెరా పోసి పరమాన్నం వండింది. గడప గడపకూ పోయి తానే పిలిచింది. కాకినాడావిడ కూడా వచ్చింది. అంత తెల్లటి అన్నంలో అక్కడక్కడ ఎర్ర గింజ కనబడితే, ఇదేమిటండి అని అడిగింది.

అత్తమ్మ గరిటె ఆపి, నవ్వుతూ చెప్పింది.

"మా పుట్టింటి బియ్యం."

మా పుట్టిల్లు అన్న మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి.